ఆరినాయా చేతులు?

మొన్న కళ్లజోడు మార్పించుకుందామని అనంతపురం పోయాను. డాక్టరు గది బయట బల్లమీద శానిటైజర్ సీసా ఒకటి ఇంకా పెట్టే ఉంది. ఆ రోజులు పోయినా సీసా మాత్రం పోలేదు. అలవాటుగా కాస్త వేసుకుని, రుద్దుకుని, రెండు చేతులూ ఒంటికి దూరంగా చాపి, వేళ్లు ఎడంగా పెట్టి నిలబడిపోయాను. చీటీలు రాసే అమ్మాయి నన్ను రెండుసార్లు పిలిచిందట. మూడోసారి లేచి వచ్చి, "ఏమ్మా, గోరింటాకు పెట్టుకున్నట్ల నిలబడిండావు?" అంది. బెంచీమీద కూర్చున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు సగంలో ఉండగానే ఒళ్లు జల్లుమంది. ఎందుకంటే అప్పుడు చూసుకున్నాను, నేను కిటికీలోంచి పడే ఎండకు వీపు తిప్పి, నా నీడ నా చేతులమీద పడేట్టుగా నిలబడి ఉన్నాను. ఆ నిలబడే తీరు నాది కాదు. పెద్దమ్మది. ఆమె పోయి రెండు ఎండాకాలాలైంది.

పెద్దమ్మ అంటే నాకు చుట్టమేమీ కాదు. మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. మగ్గం మీద కూర్చునేది నేనూ మా ఆయనా. నేతకు కావలసిన పట్టు పోగును రాట్నం మీద చిన్న చిన్న కండెలకు చుట్టి ఇవ్వడానికి ఆమె వచ్చేది. నేను కాపరానికి వచ్చేనాటికే ఆమె ఆ ఇంట్లో ఉంది. కంబదూరు వైపు పల్లె అని, వానల్లేక చేను బీడుపడితే మొగుడితో కలిసి ఇటు వచ్చిందని, వచ్చిన రెండేళ్లకే ఆ మొగుడు పోయాడని మా అత్త చెప్పింది. అంతకుమించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. వీధంతా ఆమెను కండెలామె అనేది. నేను పెద్దమ్మా అనేదాన్ని. పేరు నాకు తెలుసు. కానీ బతికుండగా ఒక్కసారీ పిలవని పేరును ఇప్పుడు కాగితం మీద పెట్టి గొప్ప చేయడం నాకు ఇష్టం లేదు.

ఆమె మనిషి మొహం చూసేది కాదు, చేతులు చూసేది. పొద్దున నేను ఎదురుపడితే బాగున్నావా లేదు, తిన్నావా లేదు. నా చేతులు పట్టుకుని తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఉల్లిగడ్డ వాసనొస్తాంది, పో కడుక్కోనిరా. పట్టు ముట్టుకునే చేయేనా ఇది?" అనేది. కొత్త కోడలిని, ఉడుకుమోత్తనం ఎక్కువ. ఇంటి కోడలిని నేనా, ఈమెనా అని లోపల్లోపల తిట్టుకుంటూ పోయి కడుక్కునేదాన్ని. వచ్చాక మళ్లీ చూసేది. అప్పటికీ ఆమెకు నచ్చకపోతే మళ్లీ పంపేది.

కండెలు చుట్టేటప్పుడు ఆమె కళ్లు మూసుకుని ఉండేది. నిద్రపోతోందని మొదట్లో అనుకున్నాను. ఒకరోజు కావాలనే గొంతు తగ్గించి, "పెద్దమ్మా, పోగు పలచబడినట్టుందే," అన్నాను. కళ్లు తెరవకుండానే, "ఇంగా రాలే. వస్తాంది," అంది. రాట్నం నాలుగు చుట్లు తిరిగాక పోగు పలచబడింది. తెగేలోపు ఆమె వేళ్లు దాన్ని పట్టుకుని ముడివేశాయి. కంటికి ఆనని నూగును ఆ వేళ్లు పట్టేవి. మా ఆయన ఆ వేళ్లను చూసి, "మనింట్లో నిజమైన పనిముట్లు అవే," అనేవాడు.

పూజలప్పుడు మాత్రం ఆమె గడప అవతలే. మగ్గానికి కొత్త పడుగు ఎక్కించిన రోజు మేం కర్పూరం వెలిగించి మగ్గానికి హారతి ఇస్తాం. మా అత్త పళ్లెం పట్టుకుని దేవుడికి చూపి, మగ్గానికి చూపి, మా ఇద్దరికీ చూపి, వచ్చిన చుట్టుపక్కల ముత్తైదువలందరికీ తిప్పి, ఆఖరున గడప దగ్గరకు తీసుకుపోయేది. అప్పటికి కర్పూరం కొండెక్కి ఉండేది. పెద్దమ్మ ఆ ఆరిపోయిన పళ్లేన్నే రెండు చేతులతో తడిమి, వేడి ఉన్న చోట వెతికి కళ్లకద్దుకునేది. ఇరవై ఏళ్లలో అట్లా ఎన్నిసార్లు చూశానో. ఒక్కసారైనా ఇంకో బిళ్ల వేద్దామని నాకు తోచలేదు.

కరోనా వచ్చిన ఏడు, మా చీరలు తీసుకునే బెంగళూరు షావుకారు ఫోన్లో గట్టిగా చెప్పాడు, మగ్గం గదిలో కాలు పెట్టేవాళ్లెవరైనా చేతులకు శానిటైజర్ రాసుకోవాల్సిందేనని. మా వీధి కొళాయికి నీళ్లు నాలుగు రోజులకొకసారి. సబ్బుతో కడగడమంటే బిందెలు ఖాళీ అయినట్టే. ఇదైతే నీళ్లు అక్కర్లేదు కదా అని ఇల్లంతా సంతోషపడింది. మా ఆయన పెద్ద క్యాను ఒకటి తెచ్చి పెట్టాడు. దాని మూతి వెడల్పు, వంచితే చేతిలో కంటే నేలమీదే ఎక్కువ పడేది. అప్పుడు నేనొక తెలివైన పని చేశాను. పూజగదిలో వాడకుండా పడి ఉన్న ఇత్తడి తీర్థం గిన్నెలో దాన్ని పోసి, ఉద్ధరిణి వేసి, మగ్గం గది గడప పక్కన గూట్లో పెట్టాను. వచ్చినవాళ్ల చేతిలో ఉద్ధరిణితో పోయడం నా పని. మా అత్త ముక్కు విరిచింది గానీ, వాడని గిన్నే కదా అని ఊరుకుంది.

మగ్గం ఆగి ఉన్నా కండెలు చుట్టి ఉంచడానికి మొదటిరోజే పెద్దమ్మ వచ్చింది. నేను ఉద్ధరిణి ఎత్తగానే ఆమె కుడి అరచేయి గోకర్ణం పట్టి ముందుకు చాపింది. పోశాను. నేను నోరు తెరిచేలోపే గుటుక్కున నోట్లో పోసుకుని, మిగిలిన తడిని నడినెత్తిన రుద్దుకుంది. మరుక్షణం ఉమ్మేసి, దగ్గుతూ గోడ పట్టుకుంది.

"ఇదేమి తీర్థం పాపా! గొంతంతా మండిపాయె."

మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను చెంబెడు నీళ్లిచ్చి నోరు పుక్కిలించమన్నాను. గిన్నె మార్చాలని ఆ పూటే బుద్ధి పుట్టి ఉండాల్సింది. పుట్టలేదు. పైగా చాలా రోజులు అది మా ఇంట్లో నవ్వులాట. ఆమె మళ్లీ తాగలేదు కానీ చేయి పట్టే తీరు మారలేదు. ఒక ఉద్ధరిణి పోస్తే కదిలేది కాదు. "మూడు తూర్లు పోయల్ల పాపా. ఒగ తూరి పోస్తే పోసినట్ల కాదు," అనేది. తీర్థానికి మూడుసార్లు కదా, దీనికీ అంతే. నేను మూడుసార్లూ పోసేదాన్ని.

శ్రావణం ముందు కొత్త పడుగు ఎక్కించాం. నెలల తరబడి మూలపడిన మగ్గం మళ్లీ ఆడబోతోందని మా అత్త పొద్దున్నే తలంటుకుంది. పగలు పదకొండు గంటల వేళ. మా మగ్గం గది పైకప్పులో ఒక అద్దం పెంకు ఉంది. అందులోంచి ఎండ చాపంత మేర నేలమీద పడి, రోజంతా మెల్లగా గోడవైపు జరుగుతూ పోతుంది. ఆ వేళకు అది మగ్గం ముందు, సరిగ్గా మేం నిలబడే చోట ఉంది.

హారతి వెలిగించాక పెద్దమ్మ ఆయాసపడుతూ వచ్చింది. గడప దగ్గర ఆపి మూడు ఉద్ధరిణులు పోశాను. తొందరలో నిండుగా పోశాను. ఆమె చేతులు రుద్దుకుని, కారుతున్నదాన్ని చెంగుకు తుడుచుకుని, ఆ తడి చెంగును చేతుల్లో నలుపుతూ నిలబడింది. ఆరోజు బయటివాళ్లెవరినీ పిలవలేదు. ముత్తైదువలు లేరు కాబట్టి మా అత్త, "నువ్వూ లోపలికి రా," అంది. ఆమె గడప దాటి ఎండ పడేచోటికి వచ్చి నిలబడింది. పళ్లెం వెలుగుతూనే ఆమె దగ్గరకు పోయింది. ఆమె రెండు చేతులూ మంటమీద చాపి, కళ్లకద్దుకోబోయింది.

అద్దుకోలేదు. చేతులు రొమ్ము దగ్గర ఆగిపోయాయి. ఆగి, వణకడం మొదలుపెట్టాయి. వేళ్లు విచ్చుకున్నాయి. వణుకు భుజాల దాకా ఎక్కింది. కళ్లు పెద్దవయ్యాయి, నోరు బిగుసుకుంది. ఆమె చేతులమీద ఏమీ లేదు. ప్రమాణం చేసి చెప్తాను, ఏమీ లేదు. ఎండ, ఆ ఎండలో రెండు చేతులు, వాటి పైన గాలి కాస్త అల్లాడుతున్నట్టుగా ఉండటం, అంతే.

మా అత్త పళ్లెం నా చేతికిచ్చి దండం పెట్టింది.

"అమ్మోరొచ్చింది. ఎవరు తల్లీ నువ్వు? ఇన్నినాళ్లు మగ్గం మూలేసినామని కోపమొచ్చిందా? ఏం గావల్ల చెప్పు తల్లీ!"

మా ఇళ్లల్లో పూజవేళ ఒక మనిషి అట్లా ఊగిపోతే ఇంకేమనుకుంటారు? మా ఆయన మోకాళ్లమీద కూర్చుని నేలకు తల ఆనించాడు. ఆయన ఎవరికీ వంగే మనిషి కాదు. నేను పళ్లెం కిందపెట్టి చేతులు జోడించాను.

ఇక్కడ నేను నిజం రాయాలి. నాకు వాసన వచ్చింది. పట్టు అసలుదా కాదా చూడటానికి మేం ఒక పోగు తుంచి కాలుస్తాం. కాలిన వెంట్రుకల వాసన వస్తే అసలు పట్టు. ఊహ తెలిసినప్పటి నుంచి నేనెరిగిన వాసన అది. మొదట ఏదో పోగు కర్పూరంలో పడిందనుకున్నాను. తర్వాత ఆమె ముంజేతి వెంట్రుకలు వాటంతట అవే ముడుచుకుపోవడం కనిపించింది. ఏమిటో, ఎట్లాగో తెలియదు కానీ ఈ మనిషి కాలుతోందని తెలిసిపోయింది. పక్కన మా అత్త కళ్లు మూసుకుని తల్లీ తల్లీ అంటోంది. అమ్మవారు వచ్చిన వేళ నోరు తెరిస్తే అత్త నన్ను బతకనివ్వదు. నా చేతులు జోడించినవి జోడించినట్టే ఉన్నాయి. ఎంతసేపని అడిగితే, పది అంకెలు లెక్కపెట్టేంత. అది తక్కువ సేపని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను.

అప్పుడు పెద్దమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ఎండలోంచి నీడలోకి. నీడలో ఆమె రెండు చేతులూ, చేతుల్లోని చెంగూ నీలంగా మండుతున్నాయి.

మా ఆయన లేచి గోనెపట్ట తీసి చుట్టాడు. నేను వంటింట్లోంచి బిందె తెచ్చి కుమ్మరించాను. మా అత్త ఏడుస్తూ పసుపు తెచ్చి పూసింది. ఆసుపత్రిలో నర్సు ఆ పసుపు కడుగుతూ మమ్మల్ని వరసగా నిలబెట్టి తిట్టింది.

"కాలితే పసుపు పూసేదేందమ్మా? చల్లని నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పోయల్ల. అది స్పిరిట్టు. దాన్ని దాని సీసాలోనే పెట్టల్ల గానీ తీర్థం గిన్నెలో పోస్తారా ఎవరన్నా? పూసుకున్నాక చేతులు బాగా ఆరిందాకా అగ్గి తావకి పోగూడదు. పగటి ఎండలో దాని మంట కండ్లకు ఆనదు." ఆమె పెద్దమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఏమవ్వా, అంతసేపు కాలుతాంటే అరవకుండా ఎట్లుంటివి?"

పెద్దమ్మ పైకప్పు చూస్తూ పడుకుంది.

రెండు నెలలకు కట్లు విప్పారు. పైకి చూస్తే చేతులు బాగానే ఉన్నాయి. వేళ్ల చివర్లు మాత్రం నున్నగా, మెరుస్తూ, ఆమెవి కానట్టుగా ఉన్నాయి. ఒక పొద్దున వచ్చి ఎప్పటిలాగే రాట్నం ముందు కూర్చుని కళ్లు మూసుకుంది. నేను మగ్గంలోంచి చూస్తున్నాను. పోగు తెగింది. ఆమెకు తెలియలేదు. తెగిన పోగు నేలమీద జారుతూ ఉంటే రాట్నం ఉత్తగా తిరుగుతూనే ఉంది. చాలాసేపటికి కళ్లు తెరిచి చూసుకుంది. సగం చుట్టి, ఉండలు కట్టిన కండెను తీసి నా ఒళ్లో పెట్టి, "ఇంగ నాకు తెలియదు పాపా," అంది. ఆ పని ఒక్కటే ఆమెకున్నది. అది నేను లేకుండా చేశాను.

తర్వాత కూడా ఆమె రోజూ వచ్చేది. రావద్దని ఎవరంటారు? వచ్చి చేసేది ఒకటే పని. ఇంట్లో ఎవరు పొయ్యి దగ్గరకు పోతున్నా, దీపం దగ్గరకు పోతున్నా, బీడీ ముట్టించబోతున్నా అడ్డం వచ్చి, "ఆరినాయా చేతులు?" అనేది. ఆరాయంటే నమ్మేది కాదు. తన వేళ్లకు తడి తెలియదు కాబట్టి మన అరచేతిని తీసుకుని తన చెంపకు ఆనించుకునేది. కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి. తర్వాత ఎండకు అడ్డంగా నిలబడి తన నీడ మన చేతులమీద వేసి, ఆ నీడలోకి వంగి చూసేది. ఏమీ లేకపోతే, "పో," అనేది. మొదట్లో జాలిగా ఉండేది. రోజుకు పదిసార్లు ఒక ముసలావిడ అలికిడి లేకుండా వచ్చి, మన మీద తన నీడ వేసి, మన చేతుల్లో దేనికోసమో వెతుకుతుంటే ఎట్లా ఉంటుందో పడినవాళ్లకే తెలుసు. నాకు వెన్నులో చలి పుట్టేది.

శానిటైజర్ సంగతి ఆమె చూసుకునేది. పైన నొక్కేది ఉన్న చిన్న సీసా తెప్పించి, వంటింటికి దూరంగా, పక్కింటి పసిపిల్లలకు అందనంత ఎత్తులో పెట్టించింది. క్యానుపై మూత బిగించి, ఎండ తగలని మూలకు తోయించింది. చేతులకు జిడ్డున్నా మట్టి ఉన్నా దాని జోలికి పోనిచ్చేది కాదు. "మురికికి అది పనికిరాదంట. నర్సమ్మ చెప్పింది. సబ్బు, నీళ్లు. పో," అనేది. నీళ్లు లేవంటే తానే ఎక్కడినుంచో ఒక బిందె మోసుకొచ్చేది. పట్టు తప్పే వేళ్లతో బిందె ఎట్లా పట్టేదో నాకు అర్థమయ్యేది కాదు.

ఇదంతా ఒక ఎత్తు. అద్దం పెంకు కింద పడే ఎండ ఒక ఎత్తు. ఆమె ఆ ఎండను తొక్కేది కాదు. గది దాటాలంటే చుట్టూ తిరిగి పోయేది. ఎండ జరిగేకొద్దీ తానూ జరిగి కూర్చునేది. చేతిలో ఎప్పుడూ ఒక చీపురు పుల్ల. కూర్చున్నచోటు నుంచే ఆ పుల్లను ఎండలోకి చాపి, అటూ ఇటూ నెమ్మదిగా తిప్పి, వెనక్కి తీసి, దాని కొస చూసేది. మళ్లీ చాపేది. వీధిలోనూ అంతే. మిట్టమధ్యాహ్నం, మనిషి జాడ లేని వేళ, తెల్లటి ఎండలో పుల్ల చాపుకుని అడుగులో అడుగు వేస్తూ నడిచేది. ఎదురింటి ఆయన మా ఆయనతో అన్నాడు: "ఆ యమ్మను ఇంట్లో పెట్టుకోండప్పా. ఎండలో ఏందో ఎతుకుతాండాది. ఆడోళ్లు బెదురుకుంటాండారు."

ఒకరోజు మధ్యాహ్నం నేను మగ్గంలో ఉన్నాను. ఇంట్లో ఆమే, నేనే. ఆమె పుల్లను ఎండలోకి చాపి, వెనక్కి తీసి, చాలాసేపు చూసి, లేచి వచ్చి నాకు చూపింది. కొస నల్లగా మాడి ఉంది.

"పొయ్యిలో పెట్టినావా పెద్దమ్మా?" అన్నాను. 

ఆమె తల అడ్డంగా ఊపింది. నేను మగ్గం దిగి వంటింట్లోకి పోయి పొయ్యి తాకి చూశాను. చల్లగా ఉంది. ఆ పుల్ల పొద్దున్నుంచే మాడి ఉందేమో. అంతే అయ్యుంటుంది. అయినా ఆ రోజు నుంచి నేను కూడా ఆ ఎండను చుట్టి నడవడం మొదలుపెట్టాను. మా ఆయన చూసి తిట్టాడు, మా అత్త మాత్రం తిట్టలేదు. ఆమె అప్పటికే చుట్టి నడుస్తోంది.

ఆ తర్వాతి ఏడు గోరంట్లలో మా అత్త తరఫువాళ్ల గృహప్రవేశం. పెద్దమ్మను ఇంట్లో వదిలి రావడం ఎందుకని వెంట తీసుకుపోయాం. భోజనాలు మిద్దెమీద. షామియానా సగమే కమ్మింది, వడ్డించే బల్లల వరస అంచు ఎండలో ఉంది. గిన్నెలు చల్లారకుండా వాటి కింద చిన్న డబ్బాల్లో మండే జెల్ పెట్టారు. చివరి డబ్బాలో జెల్ అయిపోయినట్టుంది. వంటవాళ్ల పిల్ల, పాతికేళ్లుంటాయేమో, చేతులు కడుక్కునేచోట పెట్టిన శానిటైజర్ క్యాను ఎత్తుకొచ్చి మూత తీసింది. ఆ డబ్బాలోకి వంచబోతోంది.

"పోయొద్దు," అంది పెద్దమ్మ. ఆమె గొంతు పెద్దగా వినడం నాకు అదే మొదలు.

"ఆరిపోయిండాది అవ్వా. ఇదీ స్పిరిట్టే గదా, మండుతాది," అంది ఆ పిల్ల.

"ఆరలే."

"యాడుండాది మంట? నీకేమన్నా కనిపిస్తాందా?" ఆ పిల్ల నవ్వుతూ క్యాను ఇంకాస్త వంచింది. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. మాకూ ఏమీ కనిపించలేదు. డబ్బా ఉత్తగా ఉంది.

పెద్దమ్మ పరిగెత్తలేదు. ఎప్పటిలాగే నడిచి, ఎండకూ ఆ డబ్బాకూ మధ్య నిలబడింది. ఆమె నీడ బల్లమీద పడింది. ఆ నీడలో, డబ్బా నోటి పైన, జానెడు ఎత్తున నీలం మంట నిలబడి ఉంది. క్యాను మూతికీ దానికీ నాలుగు వేళ్ల దూరం.

ఆ పిల్ల కదల్లేదు. కదలలేకపోయింది. మా ఆడబిడ్డ మొగుడు వెనకనుంచి క్యానును లాగేశాడు. వంటాయన పళ్లెం బోర్లించి డబ్బాను మూశాడు. కాసేపటికి ఆ పిల్ల ఏడుపు ఆపుకుంటూ, "నీకెట్ల కనిపించింది అవ్వా?" అంది.

"కనపడలే. నాకూ కనపడదు," అంది పెద్దమ్మ. "నీ చేతులు సూపియ్యి." చూసి, చెంపకు ఆనించుకుని, "ఆరినాయి. పో," అంది.

ఎవరైనా దండం పెడతారనుకున్నాను, లేకుంటే మెచ్చుకుంటారనుకున్నాను. అట్లా జరగలేదు. జనం ఆమెకు దారి ఇచ్చి దూరం జరిగారు. పంక్తిలో ఆమెకు అటూ ఇటూ విస్తళ్లు ఖాళీగా ఉండిపోయాయి. ఒకామె తన పిల్లను ఎత్తుకుని కిందికి దిగిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. నా విస్తరి ఎత్తుకొచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె మాత్రం ఇదేమీ పట్టనట్టు పాయసం తాగింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన ఆమె, ఇటు నేను. మా అత్త ముందు సీట్లో కునుకు తీస్తోంది. బయట కాయ పట్టకుండానే ఎండిపోయిన వేరుశనగ చేలు. నాకు ఆ పిల్ల మొహం కళ్లముందే ఉంది. నాలుగు వేళ్ల దూరంలో ఆ పిల్లను ఈమె కాపాడింది. ఎదురుగా నిలబడి కూడా ఈమెను నేను కాపాడలేదు. ఇక దాచుకోవడం నావల్ల కాలేదు.

"పెద్దమ్మా, నీ చేతులు కాలిన పొద్దు... నాకు తెలిసింది."

"ఏంది?"

"నువ్వు కాలుతాండావని. వాసనొచ్చింది నాకు. తెలిసీ గమ్మున మొక్కుతా నిలబడినా. అప్పుడే నీళ్లు పోసింటే నీ వేళ్లు నీకు మిగిలిండును. నీ పని పోగొట్టింది నేనే."

ఆమె కోప్పడుతుందని, లేకపోతే ఏడుస్తుందని చూశాను. కిటికీ చువ్వమీద పెట్టిన చేయి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"తెలుసు పాపా. మీ అత్త కండ్లు మూసుకొనింది, నీ మొగుడు తల నేలకు పెట్టినాడు. నువ్వు నా చేతుల దిక్కే చూస్తాంటివి. చూసినా నేను."

"మరెందుకు అరవలేదు? ఒక్క కేక వేసింటే చాలు గదా!"

బస్సు ఒక ఊళ్లో ఆగి, జనాన్ని దించి, మళ్లీ కదిలింది. తర్వాత, ఏదో చిన్న తప్పు ఒప్పుకుంటున్నట్టు, నాకు మాత్రమే వినబడేలా చెప్పింది.

"మీ అత్త నన్ను తల్లీ అనింది. నీ మొగుడు నా కాళ్ల తావ పడుండె. నువ్వు మొక్కితివి. నాకు మొక్కినోళ్లు పుట్టినప్పట్నుంచి ఎవరూ ల్యా పాపా. మంట తెలుస్తానే ఉండాది. రోంతసేపు ఓర్చుకుందాంలే అనుకొంటి. అరిస్తే మీరంతా చేతులు దించేస్తారు గదా."